మేడ ముందుకు జరిగిన చుక్క

నేను చెప్పే మాటల్లో సగం కోసి పక్కన పెట్టి, మిగిలిన సగంలో మళ్లీ సగమే నమ్మాలని మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మా ఆవిడ పెళ్లైన ఏడాదికే ఈ పద్ధతి కనిపెట్టి పిల్లలకు, పాలు పోసే ఆమెకు, చివరికి వాళ్లమ్మకు కూడా నేర్పింది. కాబట్టి ఇక్కడ రాసేది మాత్రం కోయకుండా నమ్మమని ముందే మనవి. ఇందులో నేను ఆడిన అబద్ధాలు రెండున్నాయి. రెండూ నిజంగా ఆడినవే.

మేముండేది కొండాపూర్‌కీ చందానగర్‌కీ మధ్య ఒక పాత కాలనీ. మా గల్లీ చివర ఒక రాళ్లగుట్ట మిగిలింది. దాన్ని పగలగొట్టడానికి ఇద్దరు బిల్డర్లు కోర్టులో కొట్లాడుకుంటున్నారు గనుక బతికిపోయింది. గుట్ట వెనక అద్దాల మేడలు, ఆ మేడల పక్కన ఇంకా లేస్తున్న మేడలు. మాది రెండంతస్తుల ఇల్లు, పైన డాబా. మా అత్తగారు దాన్ని మిద్దె అంటారు. ఆమెది అనంతపురం జిల్లా. ఆరేళ్లుగా మాతోనే ఉంటున్నారు.

మొదటి అబద్ధం లైట్ల కోసం ఆడాను. అప్పట్లో గల్లీలో పాత పసుపు లైట్లుండేవి. వాటిలో మూడు ఆరిపోయి ఏడాది దాటింది. మా ఆవిడ ఆఫీసు క్యాబు మెయిన్ రోడ్డు మీదే దింపి పోయేది. అక్కడి నుంచి ఫోన్ లైటు వేసుకుని, కుక్కలకు నచ్చజెప్పుకుంటూ నడిచి వచ్చేది. అత్తగారు ఒకసారి స్పీడ్ బ్రేకర్ తట్టుకుని పడితే మోచెయ్యి వాచింది. దరఖాస్తులు ఇచ్చాం, ఫోన్లు చేశాం, మళ్లీ దరఖాస్తులు ఇచ్చాం. ఎవరూ రాలేదు.

ఒక పొద్దున చాయ్ తాగుతూ కాలనీ గ్రూపులో నాలుగు ముక్కలు రాశాను. రాత్రి గుట్ట మీద చిరుతను చూశాననీ, దూడంత ఉందనీ, నన్ను చూసి ఆవలించిందనీ. ఆవలింత దగ్గర కొంచెం ఎక్కువైందేమో అనుకున్నాను గానీ అదే అందరికీ బాగా నచ్చింది. పన్నెండు గంటలకల్లా చిరుతలు రెండయ్యాయి. సాయంత్రానికి ఒకదానికి పిల్ల కూడా పుట్టింది. మా ఎదురింట్లో గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన రిటైరైన లెక్కల మాస్టారున్నారు. ఆయన టేపు పట్టుకుని గుట్ట దాకా వెళ్లి అడుగుల ముద్రలు కొలిచి, పొడవూ వెడల్పూ గ్రూపులో పెట్టారు.

వారం తిరక్కుండా లైట్లు వచ్చాయి. స్తంభానికొకటి, తెల్లవి, కొత్తవి. మా ఇంటి ముందున్న చివరి స్తంభం లైటు మూతిని మాత్రం పైకి ఎత్తి, గుట్ట మీద చిరుత వస్తే కనపడేటట్టు తిప్పి బిగించారు. ఆ స్తంభానికీ గుట్టకూ మధ్యలో ఉన్నది మా డాబా.

ఆ లైట్ల మీద నాకు కోపం లేదు. ఇప్పటికీ లేదు. మా ఆవిడ ఫోన్ సంచిలో పెట్టుకుని తల ఎత్తుకుని నడిచి రావడం మొదలుపెట్టింది. హాస్టల్ ఆడపిల్లలు ధైర్యంగా గల్లీలోంచే బస్టాపుకు పోతున్నారు. అత్తగారు అరుగు మీద కూర్చుని ఆ వెలుగులోనే బియ్యంలో రాళ్లు ఏరేవారు. వెలుగు మాత్రం మామూలుగా లేదు. గల్లీలో నడిస్తే నాకు నాలుగు నీడలు పడేవి, ఇంటికొచ్చేటప్పుడు ఏది నాదో చూసుకుని తెచ్చుకోవలసి వచ్చేది. వెనక బస్తీలోని కోడి పుంజు వారం రోజులు నిద్ర లేక కూసి కూసి, గొంతు పోయి, చివరికి తల ఊపి ఊరుకునేది. (ఈ పుంజు సంగతి వరకు కావాలంటే సగం కోసుకోండి.)

ఏం పోయిందో మాత్రం మాకెవరికీ తెలియలేదు. ఎవరమూ పైకి చూడలేదు గనుక.

కార్తీకం వచ్చింది. అత్తగారు పెళ్లైన ఏడాది నుంచి కార్తీక సోమవారాలు ఉంటున్నారు. పొద్దున్నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టరు. సాయంత్రం మిద్దె మీదికి ఎక్కి, చుక్కను చూసి దండం పెట్టుకుని, దిగి వచ్చి తింటారు. మామగారు ఉన్నన్నాళ్లూ ఇద్దరూ కలిసి ఎక్కేవారట. ఆయన పోయాక కూడా ఒక్క సోమవారం తప్పలేదు. నాలుగేళ్ల కింద ఆమెకు షుగర్ వచ్చింది. డాక్టరమ్మ ఉపవాసం వద్దంటే వద్దంది. ఇద్దరూ దవాఖానలో అరగంట బేరమాడుకుని, ఆరున్నర, మహా అయితే ఏడు లోపల తినేటట్టు ఒప్పందం చేసుకున్నారు. చుక్క ఎట్లాగూ ఆరుంబావుకే వస్తుంది గదా అని డాక్టరమ్మ ధైర్యం.

మొదటి సోమవారం ఆరుంబావుకు చుక్క రాలేదు. ఆరున్నరకూ రాలేదు. మబ్బు లేదు, వాన లేదు. ఆకాశం మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ముందు స్తంభం మీది లైటు మా కళ్లల్లోకే చూస్తోంది. పడమర దిక్కున ఒక్కటి మెరుస్తుంటే చూపించాను.

"గదో అత్తమ్మా, వచ్చింది."

"అది శుక్రుడు నాయనా. గ్రహం. మినుకుమనదు. నాకు చుక్క కావాల."

"గ్రహమైతే ఏంది, అది సుత ఆకాశంలనే ఉంది గద."

"నీ పెండ్లికి నీ తమ్ముడు వచ్చి కూర్చుంటే ఒప్పుకుంటుండెనా మా బిడ్డ?"

ఏడు దాటింది. ఆమె పిట్టగోడను పట్టుకున్న చెయ్యి సన్నగా వణకడం చూశాను. నుదుటి మీద చెమట. కింది నుంచి మా ఆవిడ రెండుసార్లు పిలిచింది. నాకు భయమేసింది. భయమేసినప్పుడు నాకు వచ్చిన విద్య ఒక్కటే.

తూర్పున అద్దాల మేడలకు పైన ఒక ఎర్రటి వెలుగు ఆరుతూ వెలుగుతూ ఉంది. కొత్తగా కడుతున్న మేడ మీది క్రేన్ కొసన, విమానాలకు తెలియడానికి పెట్టిన లైటు అది. క్రేన్ చీకట్లో కలిసిపోయి లైటు ఒక్కటే కనిపిస్తోంది.

"అత్తమ్మా, తూర్పు దిక్కు చూడుండ్రి. ఎర్రగ, మినుకు మినుకుమని."

ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశారు. "రోహిణి మాదిరి ఉండాది. ఇంత బిరీన వస్తాదా రోహిణి?"

"మన హైదరాబాద్ ఎత్తు మీద ఉంది గద. ఇక్కడ జర ముందే వస్తది."

ఆమె దండం పెట్టుకున్నారు. దిగి వచ్చి తిన్నారు. పెసరపప్పు కలుపుకుంటూ, "ఊర్లో కంటే ఈడ రోహిణి పెద్దగుండాది" అన్నారు. మా ఆవిడ నా వైపు చూసింది. నేను మజ్జిగ వైపు చూశాను.

రెండో సోమవారం ఆరున్నరకే రోహిణిని చూపించేశాను. ఆమె కొంచెం కనుబొమలు ముడిచారు గానీ దిగి వచ్చి తిన్నారు. డాక్టరమ్మ ఫోన్ చేస్తే, అంతా టైముకు జరుగుతోందని గొప్పగా చెప్పాను.

మూడో సోమవారం గాలి తిరిగింది. క్రేన్లను పని అయిపోయాక గాలికి తిరిగేటట్టు వదిలేస్తారని నాకప్పుడు తెలియదు. అత్తగారూ నేనూ ఎక్కేసరికి రోహిణి మేడల పైన లేదు. పక్కనున్న ఇరవై అంతస్తుల అద్దాల మేడకు ఇవతల, సరిగ్గా మధ్యలో వెలుగుతోంది. వెనక కిటికీల్లో ఎవరో కంప్యూటర్ల ముందు కూర్చుని పని చేసుకోవడం కూడా కనిపిస్తోంది.

"నాయనా" అన్నారు ఆమె మెల్లగా. "చుక్క మేడకు ముందరికి ఎట్ల వచ్చె?"

నేను పిట్టగోడ మీది సున్నం గోటితో గోకుతున్నాను.

"పోయిన సోమారం ఆన్నే ఉండె. అంతకు ముందు సోమారమూ ఆన్నే ఉండె. నిజం చుక్కయితే వారం వారానికీ బిరీన లేసి పైకెక్కాల. ఇదేమో గుంజకు కట్టేసిన ఎద్దు మాదిరి నిలబడుకోని ఉండాది అని నేను అనుకుంటానే ఉండా. ఏమిటిది?"

"క్రేన్ లైటు అత్తమ్మా."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. పిట్టగోడ మీద కూర్చుని ఆకాశాన్నే చూస్తూ ఉండిపోయారు. మా ఆవిడ పైకి వచ్చి బతిమాలింది, తర్వాత గదమాయించింది. ఏడున్నరకు ఆమెకు కళ్లు తిరిగాయి. ఇద్దరం పట్టుకుని దించాం. మా ఆవిడ చక్కెర కలిపిన నీళ్లు నోటికి అందిస్తే కళ్లు మూసుకుని తాగారు. అట్లా చుక్క లేకుండానే ఆ సోమవారం ముగిసింది.

మర్నాడు పొద్దున నేను చాయ్ తీసుకుని వెళ్లి ఆమె మంచం పక్కన నిలబడ్డాను. క్షమించమని అడగడం నాకు అలవాటు లేని పని. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక నిలబడితే, ఆమే అన్నారు.

"నువ్వు చెప్పే కతలకు నేను నవ్వుతాను. చిరుతపులి ఆవలించె అన్నప్పుడు గూడా నవ్వితి. అది వేరే. నా కండ్లు మసక, నాయనా. ఆడ నేను సూసింది నా కండ్లతో కాదు, నీ కండ్లతో. మూడు సోమారాలు పాయె. ఇంగ ఒకటే ఉండాది."

"కారు తీస్త అత్తమ్మా. శంకర్‌పల్లి దాటి పోదాం, అక్కడ చీకటుంటది."

"ఈ ఏడు పోతాము. వచ్చే ఏడు? ఉండే ఇంటి మిద్దె మీద చుక్క కనపడకుంటే అది ఏమి ఇల్లు? వచ్చే సోమారం ఈన్నే సూస్తా. కనపడేదంక తినను."

ఆ మాట విని మా ఆవిడ వంటింట్లోంచి బయటికి వచ్చింది. డాక్టరమ్మ నంబరు ఫోన్లో పైకి తెచ్చి పెట్టుకుంది. అది చూసి నేను బయటికి నడిచాను.

మా వైపు వీధి లైట్లు చూసే ఆయన లింగంపల్లి రోడ్డు మీద చాయ్ దుకాణం దగ్గర దొరుకుతాడు. నా ఈడువాడే, ఈ చుట్టుపక్కల ఊరివాడే. ఫలానా స్తంభం లైటు వెలుగుతోందని కంప్లైంట్ చేశాను. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఏమన్నవ్ సార్? వెలుగుతలేదా?"

"వెలుగుతుంది. గదే పరేషాన్."

"ఇరవై ఏండ్ల సంది ఈ పని చేస్తున్న. ఆరిపోయిందని తిట్టినోళ్లున్నరు, లేటుగ వేసినవని కొట్టొచ్చినోళ్లున్నరు. మంచిగ వెలుగుతుందని లడాయికి వచ్చినోడివి నువ్వే."

సంగతంతా చెప్పాను. అత్తగారి ఉపవాసం అనగానే ఆయన నవ్వడం మానేశాడు. బెంచీ మీద చాయ్ చుక్కతో గీసి చూపించాడు. లైటు మూతి కిందికి ఉంటే వెలుగు రోడ్డు మీద పడుతుంది, పైకి ఎత్తితే సగం ఆకాశానికి పోయి దుమ్ముకూ పొగకూ తగిలి పరుచుకుంటుంది. పాత పసుపు లైటు కంటే ఈ తెల్లటిది ఇంకా ఎక్కువ చెదురుతుంది. పైగా సూటిగా కళ్లల్లో కొడుతుంటే చుక్క ఉన్నా కన్ను పట్టదు.

"ఆర్పుడు నా చేతుల లేదు. టైముకు అదే వెలుగుతది, అదే ఆరుతది. మూతి కిందికి వంచమంటే వంచుత, రెండు నట్ల పని. కానీ సార్, గా లైటు ఎత్తి పెట్టింది చిరుత కోసం. కాలనీవాళ్లు రాసిచ్చిండ్రు. రేపు ఎవడన్న చిరుత కనబడ్తలేదని ఫోన్ కొడితే నా మీదికొస్తది. మళ్ల కాలనీవాళ్లే వద్దని రాసియ్యాలె."

ఆదివారం కాలనీ మీటింగులో నేను లేచి నిలబడి నిజం చెప్పాను. చిరుత లేదు, నేను చూడలేదు, లైట్ల కోసం కల్పించాను అని. ఇంత సూటిగా, ఏ మసాలా లేకుండా నేనెప్పుడూ మాట్లాడి ఉండను. తర్వాత మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"మీ మంచితనం మాకు తెలుసండి. ఆడవాళ్లు భయపడుతున్నారని ఇలా అంటున్నారు. కానీ ముద్రలు కొలిచింది నేనండి."

"అవి కుక్కయి మాస్టారూ."

"కుక్కకి అంత వెడల్పు ఉండదండి. అసలు నేను కూడా ఒకసారి చూశాను. ఎవరూ నమ్మరని చెప్పలేదంతే."

ఆయన అలా అనేసరికి ఇంకో ఇద్దరికి కూడా చూసినట్టు గుర్తొచ్చింది. నేను ఎంత కాదంటే అంత పెద్దదవుతోంది చిరుత. ఇక లాభం లేదని కూర్చున్నాను. నా జీవితంలో నేను చెప్పిన ఒకే ఒక్క పచ్చి నిజం అట్లా పోయింది.

ఇంటికొచ్చి చెబితే అత్తగారు విని, చెప్పులు వేసుకున్నారు. "పా, నేను అడుగుతా" అన్నారు. మాస్టారి గుమ్మం దగ్గర నిలబడి, చిరుత సంగతి ఎత్తకుండా, "అన్నా, రేపు సోమారం నాకు ఒక చుక్క కనపడాల. ఆ స్తంభం లైటు అడ్డం వస్తాండాది" అన్నారు. అంతే.

మాస్టారు ఆమె ముఖం చూశారు. "పొద్దున్నుంచి ఏమీ తినరా అమ్మా?"

"నీళ్లు తాగుతా."

ఆయన లోపలికి వెళ్లి కాగితం, కలం తెచ్చుకున్నారు. "చిరుత ఉన్న మాట వాస్తవమేనండి" అని నాతో అన్నారు రాస్తూనే. "కానీ సోమవారం నాడు దానికీ ఉపవాసమే అనుకుందాం." కింద సంతకం పెట్టి, ఆయనే ముందు నడిచి గల్లీలో మిగిలిన తొమ్మిది ఇళ్లలోనూ పెట్టించారు. ప్రతి ఇంట్లోనూ అత్తగారు అదే మాట అడిగారు. సాయంత్రం చుక్క కనిపించేదాకా బాల్కనీ లైట్లు ఆర్పుతామని వాళ్లే అన్నారు. అది మేము అడగలేదు.

సోమవారం మధ్యాహ్నం వీధి లైట్ల ఆయన నిచ్చెన బండితో వచ్చాడు. రెండు నట్లు వదులు చేసి, లైటు మూతిని రోడ్డు మీదికి వంచి బిగించాడు. చాయ్ ఇస్తే తాగి, డాబా మీదికి ఒకసారి చూసి, "పెద్దమ్మకు కనబడితే నాకు ఒక ఫోన్ కొట్టు" అని వెళ్లాడు.

ఆరు గంటలకు ఎక్కాం. వీధి లైట్లు వెలిగాయి. గల్లీ ఎప్పటిలాగే పట్టపగల్లా ఉంది, హాస్టల్ పిల్లలు నవ్వుకుంటూ పోతున్నారు. మా డాబా మాత్రం చాలా నెలల తర్వాత చీకటిగా ఉంది. పైన ఆకాశం మరీ నల్లబడలేదు, మేడల వైపు ఇంకా తెల్లటి పొరే. అది మా గల్లీ చేతిలో ఉన్నది కాదు. అత్తగారు నా ఫోన్ జేబులో పెట్టించారు. వెలుగు చూసిన కన్నుకు పావుగంట పోతే గానీ చుక్క అందదన్నారు. నేరుగా చూడొద్దనీ, కొంచెం పక్కకు చూస్తే సన్నటి చుక్క కంటి మూలకు తగులుతుందనీ చెప్పారు. ఇన్నేళ్లలో ఆకాశాన్ని ఎట్లా చూడాలో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆరుంబావు. ఆరున్నర. మా ఆవిడ నిమ్మరసం గ్లాసు పట్టుకుని మెట్ల మీద కూర్చుంది. అత్తగారి వేళ్లు మళ్లీ వణకడం మొదలుపెట్టాయి.

ఆరూ నలభైకి, నడినెత్తి నుంచి కొంచెం పడమరకు నాకొకటి కనిపించింది. కనిపించిందనుకున్నాను. నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాను. విమానమైతే? ఎవడైనా ఎగరేసిన డ్రోనైతే? నీళ్ల ట్యాంకు పైపు కొసకు సూటిగా పెట్టి చూశాను. కదలడం లేదు. కదలకపోతే మళ్లీ క్రేనేమో అని భయం. అంత ఎత్తున క్రేన్ ఉండదు గదా అని నాకు నేనే చెప్పుకున్నాను. నమ్మకం కుదరలేదు.

"ఏమన్నా కనపడెనా?" అన్నారు అత్తగారు.

"ఉన్నట్టే ఉంది అత్తమ్మా. కానీ ఒట్టేసి చెప్పలేను."

"చెప్పబ్బా, ఆకలైతాండాది."

"మీరే చూడుండ్రి. పైపు కొస మీంచి, జానెడు పైకి. నేను చెప్పిన్నని కాదు. మీకు కనబడితేనే."

ఆమె నా భుజం పట్టుకుని తల వెనక్కి వంచారు. పైపు వైపు చూశారు, పక్కకు చూశారు, కళ్లు మూసి తెరిచారు. మా ఆవిడ మెట్ల మీంచి లేచి నిలబడింది.

"ఉండాది" అన్నారు. కాసేపు ఆగి, "మినుకుమంటాండాది" అన్నారు.

రెండు చేతులూ జోడించారు. ఆమె దండం పెట్టుకున్నంతసేపూ నేనూ చేతులు జోడించే ఉన్నాను. ఎవరికి పెట్టానంటే ఏం చెప్పను. ఆ చుక్కకు, నట్లు తిప్పిన మనిషికి, లేని చిరుతను వదులుకోకుండానే మాకు చీకటి ఇచ్చిన మాస్టారికి, ఒకసారి మోసపోయి కూడా మళ్లీ నా భుజమే పట్టుకున్న ఆమెకు. అందరికీ కలిపి ఒకటే దండం పెట్టాను.

ఎదురు డాబా మీది చీకట్లోంచి మాస్టారి గొంతు వినిపించింది. "కనిపించిందా అమ్మా?"

"కనపడెన్నా. మీరు లైట్లు ఏసుకోండి, చీకట్లో ఎంతసేపుంటారు."

ఒక్కొక్క బాల్కనీలో లైటు వెలిగింది. మా ఆవిడ విస్తరి పైకే తెచ్చింది. అత్తగారు డాబా మీదే కూర్చుని పప్పన్నం కలుపుకుని మొదటి ముద్ద తిన్నారు. నేను పైకి చూశాను. పది ఇళ్ల వెలుగులో చుక్క మళ్లీ దొరకలేదు.

"సూస్తాండావా?" అన్నారు ఆమె, నా వైపు ఒక ముద్ద చాపుతూ. "అది యాడికీ పోలేదులే. కూర్చో, తిను."